మాత్రకు లొంగని ఈస్టు

కల్లును పులియబెట్టేదీ, రొట్టెను పొంగించేదీ ఈస్టే. దాని చుట్టాల్లో కాండిడా అనే రకం మన నోట్లో, పేగుల్లో ఊరికే కాపురం ఉంటుంది. షుగరు పెరిగినప్పుడో, యాంటీబయాటిక్స్ వాడినప్పుడో విజృంభిస్తుంది. ఆడవాళ్ళను వేధించే, ఇక్కడ ‘థ్రష్’ అని పిలిచే దురద జబ్బు దీనివల్లే. డాక్టరుతో చెప్పడానికి మనవాళ్ళకు మొహమాటం. అందుకే ఇండియా నుంచి తెచ్చుకున్న ఫ్లుకొనజోల్ మాత్రలు చాలా ఇళ్ళలో కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో కూడా 150 మిల్లీగ్రాముల ఒక్క మోతాదును, నాలుగు ప్రశ్నలు అడిగి, ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసిస్టు ఇస్తారు.

జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం స్వాబ్ తీసి లేబొరేటరీకి పంపించాలి. అక్కడ ముందు ఈస్టు ఏ జాతిదో తేలుస్తారు. అవసరమైతే మందుకు లొంగుతుందో లేదో చూస్తారు. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో, మొదటి గుంటలో మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాముల మందు. తర్వాతి దాంట్లో 32, ఆపైన 16, ఇలా సగం సగం చేస్తూ 0.125 దాకా. అన్నింటిలోనూ ఈస్టు వేసి, 35 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు. ఈస్టు ఎదుగుదలను అణచగలిగిన అతి తక్కువ మోతాదే రిపోర్టులో కనిపించే అంకె. ఇందులో ఒక చిక్కుంది. ఫ్లుకొనజోల్ ఈస్టును చంపదు, దాని పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుని ఎదగనీయదు, అంతే. కాబట్టి గుంట పూర్తిగా తేటపడదు. మందు లేని గుంటతో పోల్చి, ఎదుగుదల సగానికి తగ్గిన చోట గీత గీస్తారు.

అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. అమెరికా ప్రమాణాల ప్రకారం 16 వస్తే, కాండిడా ఆల్బికన్స్ లొంగనట్టు లెక్క. అదే 16 గ్లాబ్రాటాకు వస్తే, మోతాదు పెంచితే లొంగవచ్చునని. క్రూసైకి అసలు ఈ మందు పుట్టుకతోనే పనిచేయదు, పరీక్ష దండగ. జాతి తెలుసుకోవడం ఇప్పుడు మరీ ముఖ్యం. ఆస్ట్రేలియాలో రక్తానికి పాకిన కాండిడా కేసుల్లో గ్లాబ్రాటా వాటా 2001-04లో ఆరో వంతు ఉంటే, 2014-15 నాటికి నాలుగో వంతు దాటింది.

పళ్ళెంలో తేలింది ఒంట్లోనూ జరగాలనేమీ లేదు. డాక్టర్లు ‘90-60’ అని ఒక లెక్క చెప్పుకుంటారు: లొంగే ఈస్టు ఉన్నవారిలో సుమారు 90 శాతం మందికి నయమవుతుంది, లొంగనిది ఉన్నవారిలోనూ సుమారు 60 శాతం మందికి నయమవుతుంది. రోగి ఒంట్లోని శక్తి, షుగరు అదుపు ఆ పళ్ళానికి తెలియవు కదా!

2009లో జపానులో ఒకరి చెవిలో బయటపడిన కాండిడా ఆరిస్ సంగతి వేరు. అది చాలావరకు ఫ్లుకొనజోల్‌కు లొంగదు, ఆస్పత్రుల్లో మనిషి నుంచి మనిషికి పాకుతుంది. ఇండియాలోనూ ఉంది. అందుకే విక్టోరియా వంటి రాష్ట్రాల్లో, ఏడాది లోపు విదేశీ ఆస్పత్రిలో ఒక రాత్రి గడిపినవారికి చంకలో, గజ్జలో స్వాబ్ తీస్తారు. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని వచ్చిన అమ్మానాన్నలను ఇక్కడ ఆస్పత్రిలో చేర్చేటప్పుడు, ఆ మాట మనమే ముందుగా చెప్పాలి.