సూర్యగ్రహణం ఫొటో తీయాలా? ఆగస్టు 2 కంటే ముందు మే 11న రిహార్సల్ చేయండి

2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సార్ దగ్గర సూర్యుడు ఆరు నిమిషాలకు పైగా పూర్తిగా మాయమైపోతాడు. మన రాయలసీమలో మాత్రం అది పాక్షిక గ్రహణమే. సాయంత్రం పడమటి ఆకాశంలో, ఒక పక్క కొరికిన దోసెలా కనిపిస్తాడు. మాది ఎర్రగుంట్ల కాబట్టి నా ప్లాన్ అక్కడిదే. మీ ఊరు ఏదైనా పద్ధతి మాత్రం ఇదే.

పాక్షిక గ్రహణంలో చంద్రుడు కప్పని భాగం మామూలు రోజంత వెలుగుతోనే ఉంటుంది. అందుకే ఇవాళ్టి ఎండలో సరిపోయిన షటర్ స్పీడ్ ఆరోజు కూడా సరిపోతుంది. కంటికి ప్రమాదం కూడా అంతే ఉంటుంది. రెటీనా కాలుతున్నా నొప్పి తెలియదు.

ముందు ఫిల్టర్

కళ్లకు ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు వాడాలి. కెమెరాకు లక్షలో ఒక వంతు వెలుగును మాత్రమే వదిలే సోలార్ ఫిల్టర్ షీట్ కావాలి. దాన్ని లెన్స్ ముందే పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్మ్, సీడీ, కూలింగ్ గ్లాసులు పనికిరావు. పళ్లెంలో నీళ్లు పోసి అందులో చూడటం మన ఇళ్లలో అలవాటే, కానీ ఆ ప్రతిబింబం కూడా కంటికి చాలా ఎక్కువే. కళ్లద్దాలు పెట్టుకుని డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో చూడటం ఇంకా ప్రమాదం.

ఫోన్ అయితే అట్టముక్కకు షీట్ అతికించి, వెనక కెమెరాలన్నీ కలిపి కప్పండి. 5ఎక్స్ నొక్కినా, వెలుతురు తక్కువైతే చాలా ఫోన్లు చెప్పకుండా మెయిన్ కెమెరాకు మారిపోతాయి. వాడే ప్రతిసారీ షీట్‌ను ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి చిల్లులు ఉన్నాయేమో చూడండి.

జూమ్ లెక్క

ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. 12 మెగాపిక్సెల్ ఫొటోలో 1ఎక్స్ దగ్గర అది సుమారు 25 పిక్సెళ్లు, అసలైన 5ఎక్స్ టెలిఫొటోలో సుమారు 125. డిజిటల్ జూమ్ కొత్త వివరాలేమీ తేదు. ఫ్రేమింగ్ ప్రాక్టీస్‌కు చందమామ చాలు, సైజు దాదాపు అదే. ఏఐ సీన్ మోడ్ ఆఫ్ చేయండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ గ్రహణాన్ని చందమామ అనుకుని బొమ్మ మార్చేయొచ్చు.

మే 11 ఎందుకు?

ఆగస్టు 2న సూర్యుడు వెళ్లే దారిలోనే మే 11న కూడా వెళతాడు. తేడా పది నిమిషాలే. మే 11న సాయంత్రం 5.10కి ఎక్కడుంటాడో, ఆగస్టు 2న 5.20కి అక్కడే ఉంటాడు. సరిగ్గా పడమర కాదు, కాస్త వాయవ్యం వైపు. మా ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, దుమ్ము ఉంటాయి. ఏ మిద్దె నుంచి అడ్డు లేకుండా కనిపిస్తాడో ఆరోజే తేల్చుకోవచ్చు.

ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, షటర్ 1/1000 దగ్గర మొదలుపెట్టండి. బింబం తెల్లగా కాలిపోతే 1/2000కు వెళ్లండి. ఫోకస్‌ను మాన్యువల్‌లో అంచు పదునుగా వచ్చేదాకా తిప్పి, ఆ స్థానం రాసి పెట్టుకోండి. మూడు సెకన్ల టైమర్ పెడితే ఫోన్ కదలదు. మే ఎండలో ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోవచ్చు. షాట్‌కు, షాట్‌కు మధ్య నీడలో పెట్టండి.

1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరులో టెనెంట్ బృందం ఫొటోలు తీసింది. అవి తడి గాజు ప్లేట్ల రోజులు. అప్పటికప్పుడు రసాయనం పూసి, తడి ఆరేలోపే ఫొటో తీసి డెవలప్ చేయాలి. మనకు ఎన్నిసార్లయినా తీసి చెరిపేసే సౌకర్యం ఉంది. దాన్ని మేలోనే వాడేసుకుందాం. ఆగస్టులో మబ్బు పడితే ఎవరూ ఏమీ చేయలేం, మిగతావన్నీ మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.