స్టాల్ ముందు నిలబడి ఏమడగాలి?

బీటెక్ చివరి సెమిస్టర్ ముగిసే రోజుల్లో చాలా ఇంజనీరింగ్ కాలేజీలు ప్రాజెక్టు ఎక్స్‌పో పెడతాయి. తల్లిదండ్రులు వస్తారు, చుట్టుపక్కల బడిపిల్లలు వస్తారు, కంపెనీలవాళ్లూ వస్తారు. బల్లల మీద థర్మకోల్ పొలాలు, వెలిగి ఆరే ఎల్‌ఈడీలు, వెనక ఫ్లెక్సీ. చూసినవాళ్లలో ఎక్కువమంది "బాగుందమ్మా" అని ఫొటో తీసుకుని పక్క స్టాల్‌కు వెళ్లిపోతారు. దాంతో ప్రదర్శన ఎందుకు పెట్టారో ఆ పనే జరగకుండా పోతుంది.

ప్రాజెక్టు ఎలా నడుస్తుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. నలుగురైదుగురు ఒక బ్యాచ్. వాళ్లకు ఒక గైడ్. ముందు అబ్‌స్ట్రాక్ట్ ఇవ్వాలి, తర్వాత రివ్యూలు, ఆపైన రికార్డు, చివరికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ముందు వైవా. ఈ వరసలో పిల్లల్ని ప్రశ్నించేవాళ్లంతా ఇంజనీర్లే. ఈ సెన్సర్ ఎందుకు వాడారు, కోడ్‌లో ఈ లైను ఏం చేస్తుంది అని అడుగుతారు. ఆ వస్తువును రేపు వాడాల్సిన మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. అతను ఎదురుపడే అవకాశం ఎక్స్‌పోలోనే.

ఇలా బయటివాళ్లకు వివరించడం మర్యాద కోసం పెట్టుకున్న ఏర్పాటు కాదు. ఇంజనీరింగ్ డిగ్రీలకు దేశాల మధ్య పరస్పర గుర్తింపునిచ్చే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. ఇంజనీరుకు ఉండాలని ఆ ఒప్పందం చెప్పే లక్షణాల్లో, తన పనిని తోటి ఇంజనీర్లకే కాక సమాజానికీ అర్థమయ్యేలా చెప్పగలగడం ఒకటి.

ఏటా కనిపించే ప్రాజెక్టునే తీసుకుందాం: నేల ఆరితే మోటారును దానంతటదే వేసి, తడిస్తే ఆపేసే పరికరం. మట్టిలో రెండు లోహపు పుల్లలు గుచ్చుతారు. తడి మట్టిలో కరెంటు సులువుగా పారుతుంది, పొడి మట్టిలో పారదు. ఆ తేడాను ఆర్డుయినో బోర్డు 0 నుంచి 1023 మధ్య ఒక అంకెగా చదువుతుంది. అంకె ఒక హద్దు దాటగానే రిలే టక్కుమని చప్పుడు చేస్తుంది, బుల్లి పంపు నీళ్లు పోస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఒక రైతు వచ్చి, "మా బోరుకు ఆటో స్టార్టర్ ఉంది. దానికీ దీనికీ తేడా ఏంటి బాబూ?" అన్నాడనుకోండి. వైవాలో ఎవరూ వేయని ప్రశ్న ఇది. ఆటో స్టార్టర్ కరెంటు వచ్చిందా లేదా అనే చూస్తుంది. నేల తడిసి ఉన్నా, రైతు నిద్రలో ఉన్నా మోటారు వేసేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, భూగర్భ జలాలు వృథాగా పోతాయని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. పిల్లల పరికరం చూసేది కరెంటును కాదు, నేలను. ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే వాళ్ల ప్రాజెక్టు దేనికో వాళ్లకు తెలిసినట్టే.

రైతు అక్కడితో ఆగడు. "పొటాష్ వేసిన చేలో ఇది సరిగ్గా చూపిస్తుందా?" ఉప్పు గుణమున్న ఎరువు పడితే మట్టిలో కరెంటు ఎక్కువగా పారుతుంది, తడి లేకున్నా ఉన్నట్టు చూపించవచ్చు. "పుల్లలు ఎన్నాళ్లుంటాయి?" ఎప్పుడూ కరెంటు పారుతుంటే లోహం అరిగిపోతుంది, చదివే క్షణంలోనే కరెంటు ఇవ్వాలి, లేదా కెపాసిటివ్ సెన్సర్ పెట్టాలి. "మాది త్రీ ఫేజ్ మోటారు, ఒక ఫేజ్ పోతే?" కాయిల్ కాలిపోతుంది. కాబట్టి బల్ల మీది రిలేతో నేరుగా కాకుండా, రక్షణ ఉన్న స్టార్టర్ ద్వారానే మోటారును నడపాలి. మూడు ప్రశ్నలకే బొమ్మ పొలం నుంచి అసలు పొలానికి ఎంత దూరముందో తేలిపోయింది.

ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్మే దుకాణాలున్నాయన్నది దాచేస్తే దాగే మాట కాదు. కొన్న ప్రాజెక్టుకు సర్క్యూట్, కోడ్, రికార్డు, వైవాలో అప్పజెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి వస్తాయి. రైతు ప్రశ్నకు జవాబు మాత్రం ఆ ప్యాకెట్‌లో ఉండదు.

అందుకే ఎక్స్‌పోకు వెళ్తే సాంకేతిక జ్ఞానం లేదని వెనకాడక్కర్లేదు. ఇది ఎవరికోసం? వాళ్లను కలిశారా? ఇప్పుడు వాళ్లు ఈ పని ఎలా చేసుకుంటున్నారు? ఎక్కడ పనిచేయకుండా పోయింది, అప్పుడేం మార్చారు? చెడిపోతే ఊళ్లో ఎవరు బాగుచేస్తారు? ఇవి చాలు. జవాబు మొత్తం బ్యాచ్‌లో ఒక్కరే చెబుతుంటే, పక్కన నిలబడ్డవాళ్లను కూడా ఒక మాట అడగండి. "అది మేం ఆలోచించలేదు అంకుల్" అని ఎవరైనా నిజాయతీగా ఒప్పుకుంటే చిన్నచూపు వద్దు. ఉద్యోగంలో చేరాక అదే లోపం వాడేవాళ్ల చేతుల్లో బయటపడితే దిద్దుకోవడానికి ఖర్చవుతుంది. స్టాల్ దగ్గర తెలుసుకుంటే పైసా ఖర్చులేదు.