పాలు కొందరికే ఎందుకు అరుగుతాయి?
పాలు తాగాక కడుపు ఉబ్బరిస్తే ‘వీడికి పాలు పడవు’ అంటారు, అదేదో జబ్బయినట్టు. నిజానికి ప్రపంచంలోని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, పూర్తిగా అరగదు. దాన్ని గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ లాక్టేజ్. అది చిన్నపేగు గోడల్లో తయారవుతుంది. తల్లిపాలు మానాక చాలామందిలో ఆ తయారీ తగ్గిపోతుంది. ఆవుకైనా పిల్లికైనా అంతే. విడిపోని లాక్టోజ్ పేగులోకి నీటిని లాగుతుంది, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని తిని గ్యాస్ పుట్టిస్తుంది. కాబట్టి పెద్దయ్యాక కూడా పాలు హాయిగా అరిగించుకునేవాళ్లదే అసలు వింత. 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు ఈ తేడాను ఒకే ఒక్క జన్యు అక్షరంలో పట్టుకున్నారు: లాక్టేజ్ జన్యువు పక్కనే, సి ఉన్నచోట టి. భారతదేశంలోనూ ఎక్కువగా కనిపించేది ఈ మార్పే; వాయవ్యంలో ఎక్కువ, దక్షిణాన తక్కువ.

అలాగైతే మనవాళ్లు రోజూ పెరుగన్నం ఎలా తింటున్నారు? తోడు వేశాక బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది, మిగిలినదాన్ని పేగులో విడగొట్టడానికీ సాయపడుతుంది. మంగోలియా పశుపోషకుల్లో ఆ జన్యు మార్పు అరుదే. అయినా గుర్రపు పాలను పులియబెట్టి తాగుతారు. ‘లాక్టేజ్ తగ్గితే పాలు ఒంటికి చేటే కదా’ అనడమూ తొందరపాటే. 2024లో, అమెరికాలోని హిస్పానిక్ ప్రజలపై జరిగిన అధ్యయనంలో, అలాంటివాళ్లలో పాలు ఎక్కువ తాగేవారికి మధుమేహం ముప్పు తక్కువగా కనిపించింది. పేగు బ్యాక్టీరియా మారడం కారణం కావచ్చన్నారు. అయితే పాలు తాగేవాళ్ల మిగతా అలవాట్లు కూడా వేరుగా ఉండొచ్చు. అందుకే అది పాల గొప్పతనానికి రుజువు కాదు.