కొంగలున్నాయి సరే, ఏ కొంగలు?

క్యాంపస్‌లో పెద్ద చెట్ల కింద బండి పెట్టేవాళ్ళకి సాయంత్రం సీటు మీద ఏం ఉంటుందో బాగా తెలుసు. ఆ పని చేసేవి పైన గూళ్ళు కట్టుకున్న కొంగలు. తిరుపతి ఇంత పెరిగినా కొంగలు ఎక్కడికీ పోలేదు కదా అనిపిస్తుంది. కానీ మనం అన్నిటినీ కలిపి 'కొంగ' అనేస్తాం. విడదీసి చూస్తే లెక్క మారిపోతుంది.

మడి గట్టు మీద బురద రంగులో కదలకుండా నిలబడి, దగ్గరికెళ్ళగానే తెల్లటి రెక్కలతో లేచేది గుడ్డికొంగ. మనం చాలా దగ్గరికి వెళ్ళేదాకా లేవదు కాబట్టి ఆ పేరు. (నిజానికి అది బతికేదే కంటిచూపు మీద.) చీకటి పడ్డాక 'క్వాక్' అంటూ తల మీదుగా పోయేది చింతవక్క. పొడుగ్గా, బూడిద రంగులో ఉండేది నారాయణ పక్షి. గేదెల వెనక తిరిగే తెల్లది పశువుల కొంగ. ఒక చిన్న గుర్తు: ఎగిరేటప్పుడు మెడ మడుచుకుంటే అది హెరాన్ కుటుంబం. మెడ చాచి ఎగిరితే స్టార్క్, అది వేరే కుటుంబం.

వీటికి రెండు కావాలి. గూటికి ఒక చోటు, పిల్లలకి మేత దొరికే ఇంకో చోటు. రెండూ ఒకే దగ్గర ఉండక్కర్లేదు. మన జిల్లాలోని నేలపట్టునే చూడండి. అక్కడ గూడబాతులు, చింతవక్కలు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కడతాయి, కింద నీళ్ళుంటే శత్రువులు ఎక్కి రావడం కష్టం. ఈశాన్య రుతుపవనాల వానలకి చెరువు నిండితేనే అక్కడ సీజన్ మొదలవుతుంది. మేతకి మాత్రం గూడబాతులు పులికాట్ దాకా పోతాయి. పులికాట్ లేకపోతే నేలపట్టు చెట్లు ఉన్నా ఉపయోగం తక్కువే.

ఊరు పెరిగితే ఈ రెండూ ఒకేలా దెబ్బతినవు. చెట్లు కొన్నైనా మిగులుతాయి: ఆఫీసుల ఆవరణల్లో, కాలేజీల్లో, రోడ్ల పక్కన. పోయేది నీళ్ళే. పశువుల కొంగకి పురుగులు చాలు, చెత్తకుప్ప దగ్గరైనా కడుపు నింపుకుంటుంది. గుడ్డికొంగ మురుగు కాలవ పక్కన కూడా నిలబడగలదు. అందుకే మనకి రోజూ అవే కనిపిస్తాయి. జమ్ము, తుంగ దట్టంగా పెరిగిన చోట దాక్కుని గూడు కట్టే పర్పుల్ హెరాన్‌కీ, బిట్టర్న్‌లకీ ఆ ఛాన్స్ లేదు. మొత్తం సంఖ్య తగ్గకుండానే రకాలు తగ్గిపోతాయి, అందుకే ఎవరూ గమనించరు.

తిరుపతి చెరువుల కథ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1991లో అవిలాల చెరువు భూమిని తుడాకి, 1994లో పేరూరు చెరువు భూమిని టీటీడీకి ఇళ్ళ కోసం ప్రభుత్వం ఇచ్చింది. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంస్థ దీనిమీద పోరాడింది. 2006 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు, అప్పటికే కట్టినవి వదిలేసి, ఇకమీదట కొత్త కట్టడాలు వద్దంది. చెరువుల్లాంటివి ప్రజల తరఫున ప్రభుత్వం కాపలా కాయాల్సిన ఆస్తి అని చెప్పిన తీర్పుగా లా స్టూడెంట్స్ ఇప్పటికీ దాన్ని చదువుకుంటారు. ఆ కేసు నడిచింది నీళ్ళ కోసం, కొంగల కోసం కాదు. అయినా వాటికీ పనికొచ్చింది.

నాకు ఇంకా ఎక్కువ డౌట్ ఉన్నది 'సుందరీకరణ' మీద. చుట్టూ సిమెంటు గట్టు, వాకింగ్ ట్రాక్, లైట్లు, మధ్యలో బోటు. నీళ్ళు ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. కానీ కొంగ ఈదే పక్షి కాదు, దానికి కాళ్ళు మునిగేంత లోతున్న ఒడ్డు కావాలి. నిటారు గోడ పక్కన అది నిలబడేదెక్కడ? జమ్ముని 'పిచ్చి మొక్కలు' అని పీకేస్తే గూడు కట్టేదెక్కడ? కనీసం ఒక పక్క ఒడ్డుని అలాగే వదిలేయొచ్చు, దానికి ఖర్చు కూడా లేదు.

ఇక చెట్ల సంగతి. 2022 సెప్టెంబరులో కేరళ మలప్పురం జిల్లాలో హైవే వెడల్పు కోసం గూళ్ళున్న చెట్టుని అలాగే పడగొట్టారు. ఎగరడం రాని పిల్లలు రోడ్డు మీద పడి చచ్చిపోయాయి, ఆ వీడియో దేశమంతా తిరిగింది. గుడ్డు పొదగడానికి సుమారు మూడు వారాలు, పిల్ల ఎగరడానికి ఇంకో నాలుగైదు వారాలు, అంటే మొత్తం రెండు నెలలు ఆగితే చాలు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్ళు కదిలించడం కూడా 'వేట' కిందకే వస్తాయి. బండి సీటు మీద రెట్ట పడుతోందని కొమ్మలు కొట్టించమని లెటర్ రాసేవాళ్ళు ముందు ఒకసారి పైకి చూసి, గూళ్ళు ఖాళీ అయ్యాక తేదీ వేయండి.