గృహాలంకరణ సామగ్రి దుకాణాల బీమా: దామాషా నియమం – ఒక పరిశీలన

కీలకపదాలు: వ్యాపార బీమా, బీమా మొత్తం, అల్పబీమా, దామాషా నియమం, సరుకు నిల్వ.

1. ఉపోద్ఘాతం

రంగులు, వాల్‌పుట్టీ, వాల్‌పేపరు, తెరలు, ప్లైవుడ్ అమ్మే దుకాణాలలో యజమాని పెట్టుబడిలో అధికభాగం సరుకు రూపంలోనే ఉంటుంది. ఈ సరుకుకు నిప్పు, నీరు రెండూ శత్రువులే. ఎనామిల్ రంగులు, థిన్నరు, టర్పెంటైను త్వరగా మండుతాయి. తడిసిన పుట్టీ బస్తాలు గడ్డకడతాయి, ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తిన తీరు, పట్టణ దుకాణాలకు నీటి ముప్పు ఎంత సమీపంలో ఉందో తెలిపింది.

ఇటువంటి దుకాణాలకు బీమా ఉందా లేదా అన్న ప్రశ్నతోనే చర్చ సాధారణంగా ముగుస్తుంది. అయితే పరిహారాన్ని నిర్ణయించేది పాలసీ ఉండటం ఒక్కటే కాదు. బీమా మొత్తం సరుకు వాస్తవ విలువకు ఎంత దగ్గరగా ఉందన్నది అంతకంటె ముఖ్యం. ఈ అంశాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రస్తుత పాలసీ స్వరూపం

ఒక ప్రాంగణంలోని భవనం, యంత్రాలు, సరుకు మొదలైన వాటి మొత్తం విలువ 5 కోట్ల రూపాయలకు మించని సంస్థలకు బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీని నిర్దేశించింది. ఇది 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, అల్లర్లు వంటివి దీని పరిధిలోకి వస్తాయి. ప్రమాదం జరిగిన ఏడు రోజులలోపు, ఆ ప్రమాదం కారణంగా జరిగిన దొంగతనం కూడా ఇందులో చేరుతుంది. మామూలు రోజులలో తాళం పగులగొట్టి చేసే దొంగతనానికి, దుకాణం మూతపడిన కాలంలో కోల్పోయిన లాభానికి వేరుగా బీమా తీసుకోవాలి.

3. దామాషా నియమం పనిచేసే తీరు

వాస్తవ విలువ కంటె తక్కువ మొత్తానికి బీమా చేయడం అల్పబీమా. అప్పుడు కొరతపడిన భాగానికి పాలసీదారు తానే బీమాదారుగా పరిగణింపబడతాడు. కనుక పరిహారం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ: ప్రమాదం నాటికి దుకాణంలో 80 లక్షల రూపాయల సరుకు ఉంది, బీమా 50 లక్షలకే చేశారు, 16 లక్షల నష్టం జరిగింది. నష్టం బీమా మొత్తం కంటె చాలా తక్కువే కనుక పూర్తిగా వస్తుందని యజమాని భావిస్తాడు. కాని 16 లక్షలను 50తో హెచ్చించి 80తో భాగిస్తే వచ్చేది 10 లక్షలే. మిగిలిన 6 లక్షలు యజమాని భరించవలసిందే. పైన పేర్కొన్న పాలసీలో 15 శాతం వరకు అల్పబీమాకు సడలింపు ఉంది. అదే దుకాణంలో సరుకు 55 లక్షలై ఉంటే కొరత సుమారు 9 శాతమే కాబట్టి ఈ కోత వర్తించదు. పాలసీదారు విధిగా భరించవలసిన ప్రాథమిక మొత్తాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.

4. అల్పబీమాకు కారణాలు

మొదటిది బ్యాంకు రుణం. అనేక దుకాణాలలో బీమా మొత్తం క్యాష్ క్రెడిట్ పరిమితిని బట్టి నిర్ణయమవుతుంది. అది బ్యాంకు బాకీకి రక్షణ మాత్రమే. సరుకు విలువకు కొలమానం కాదు. పైగా అధిక రుణం కోసం బ్యాంకుకిచ్చే నిల్వ పట్టికలో సరుకును పెంచి చూపితే, ఆ పట్టికే రేపు సర్వేయరు చేతిలో అల్పబీమాకు ఆధారం కాగలదు.

రెండవది ఋతుధర్మం. దసరా, దీపావళి, సంక్రాంతి పండుగలకు ముందు ఇండ్లకు రంగులు వేయించుకోవడం మన ఆచారం. ఆ నెలలలో నిల్వ పెరుగుతుంది; బీమా మొత్తం మాత్రం సంవత్సరమంతా ఒకటే. గరిష్ఠ నిల్వకు బీమా చేసి, నెలనెలా వాస్తవ విలువను తెలియజేసి, సంవత్సరాంతంలో ప్రీమియం సర్దుబాటు చేసుకునే డిక్లరేషన్ పద్ధతి ఇందుకు తగినది. దుకాణంతోపాటు గోదాము కూడా ఉన్నవారికి ఫ్లోటర్ పద్ధతి అనుకూలం.

మూడవది విలువ కట్టడంలో అస్పష్టత. బీమా నష్టాన్ని పూరించేదే గాని లాభాన్ని ఇచ్చేది కాదు. కనుక అమ్మకపు ధర ఇక్కడ ప్రమాణం కాదు. గడువు తీరిన రంగు డబ్బాలకు, వాడుకలో లేని వాల్‌పేపరు నమూనాలకు కొన్న ధర లభిస్తుందని ఆశించరాదు.

5. నిల్వ స్థలం, రుజువు

సెల్లారులో సరుకు ఉంచేవారు పాలసీలోని మినహాయింపులను పరిశీలించాలి. టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో సెల్లారులోని దుకాణానికే పాలసీ ఇచ్చిన బీమా సంస్థ, సెల్లారును మినహాయించే నిబంధనను చూపి పరిహారం నిరాకరించింది. పాలసీదారుకు తెలియజేయని ఆ నిబంధనను ఆధారం చేసుకోరాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తీర్పు పాలసీదారుకు బలమే. కాని ఆ అగ్నిప్రమాదానికి తుది తీర్పు రావడానికి దాదాపు పదేండ్లు పట్టిందన్నది మరువరాదు.

వరదలో సరుకుతోపాటు లెక్కల పుస్తకాలూ పోతాయి. డబ్బాలోని రంగు చెడకపోయినా, చీటీ ఊడిపోతే అది ఏ రకమో తెలియక అమ్మకానికి పనికిరాదు. అటువంటప్పుడు సరఫరాదారులు దాఖలు చేసిన జీఎస్టీ వివరాలు కొనుగోళ్ళకు దుకాణం వెలుపల నిలిచే సాక్ష్యమవుతాయి.

6. ముగింపు

ప్రీమియంలో కొద్ది పొదుపు కోసం బీమా మొత్తాన్ని తగ్గించడం వల్ల, ఆ కొరత చిన్న నష్టంలోనూ తన వాటాను కోసుకుంటుంది. కావున పాలసీ పునరుద్ధరణ సమయంలో గత సంవత్సరపు అంకెనే తిరిగి రాయక, పండుగలనాటి గరిష్ఠ నిల్వను లెక్కకట్టి బీమా మొత్తాన్ని నిర్ణయించుకోవాలి. వాణిజ్యశాస్త్ర బోధనలో నష్టపూరణ సూత్రాన్ని నిర్వచనంగా మాత్రమే చెప్పక, స్థానిక దుకాణాల నిల్వ పట్టికలతో, ఇటువంటి లెక్కలతో బోధిస్తే ఈ అవగాహన విద్యార్థుల ద్వారా వర్తకుల వరకు చేరగలదు.