కంపెనీ మా ముగ్గురిదే.. మరి ఆ నాలుగో మనిషెవరు?

కంపెనీ రిజిస్టరైపోయింది కదా, బ్యాంకు ఖాతాదేముంది, వారం పని అనుకున్నా. నాలుగు నెలలు దాటింది!

మేం ముగ్గురం. నేను హైదరాబాద్‌లో ఉంటా, నా వాటా 40 శాతం. బీటెక్‌లో నా రూమ్మేట్ ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు, అమెరికా పౌరుడు. వాడికి 30. మిగతా 30 పాత ఆఫీసులో పరిచయమైన జపాన్ మిత్రుడిది. అతను ఉండేది సింగపూర్‌లో. వాటాని అక్కడి తన కంపెనీ పేరు మీద పెట్టాడు.

ఫైలు పట్టుకుని బ్యాంకుకెళ్లా. ఆఫీసర్ మేడమ్ వాటాల పేజీ దగ్గర ఆగారు.

‘‘ఈ సింగపూర్ కంపెనీ వెనకున్న మనిషి ఎవరండీ?’’

‘‘మా ఫ్రెండే మేడమ్.’’

‘‘ఆయనొక్కరేనా? వాటాదారుల రిజిస్టర్ తెప్పించండి.’’

తెప్పిస్తే రెండు పేర్లున్నాయి! సగం ఇంకొకాయనది. అంటే మా కంపెనీలో 15 శాతం మేమెప్పుడూ చూడని మనిషిదన్నమాట. నేరుగా అయినా, మరో కంపెనీ ద్వారా అయినా 10 శాతం దాటి వాటా ఉంటే అతన్నీ అసలు యజమానిగానే చూడాలి. 2023 నుంచి మన దగ్గర రూల్ ఇదే. అంతకుముందు ఆ హద్దు 25 శాతం.

ఆ రాత్రి వీడియో కాల్‌లో పెద్ద గొడవ. ‘‘దాచలేదు, చెప్పాలని తట్టలేదంతే’’ అన్నాడు మిత్రుడు. ‘‘నేను తప్పుకుంటారా’’ అన్నాడు డాలస్ వాడు. ఇంకోపక్క గడువు తరుముతోంది. కంపెనీ ఏర్పడిన 180 రోజుల్లోగా వాటాల డబ్బు అందిందని ఐఎన్‌సీ-20ఏ ఫారం వేయాలి. లేదంటే కంపెనీకి 50 వేల జరిమానా.

చివరికి ఆ నాలుగో మనిషినీ కాల్‌లోకి పిలిచాం. గంటన్నర మాట్లాడాక మనసులు కుదుటపడ్డాయి. ఆయన పాస్‌పోర్టు, చిరునామా కాగితాలకు నోటరీ, దానిపైన అపోస్టిల్ ముద్ర వేయించి పంపారు. 131వ రోజున ఖాతా తెరుచుకుంది.

మీరూ ఇలాంటి కంపెనీ పెడుతున్నారా? ఇవి గుర్తుంచుకోండి:

• వాటా ఏదైనా కంపెనీ పేరు మీద ఉంటే, దాని వెనక ఎవరెవరున్నారో ముందే అడగండి.

• మనవాడే కావచ్చు, ఓసీఐ కార్డూ ఉండొచ్చు. పాస్‌పోర్టు వేరే దేశానిదైతే బ్యాంకుకి విదేశీ పౌరుడే.

• డైరెక్టర్లలో ఒక్కరైనా ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు ఇండియాలో ఉండాలి.

• విదేశీ పెట్టుబడికి షేర్లిచ్చిన 30 రోజుల్లో ఆర్‌బీఐ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వేయాలి.

ఆ రోజు మేడమ్ మీద తెగ విసుక్కున్నా. నిజానికి ఆవిడ అడిగింది, నా ఫ్రెండ్‌ని నేను ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న.