కట్టుడు పన్ను – దాని పక్క పన్ను

నోట్లో ఒక పన్ను ఊడితే ఏం? “ఇంకా 31 ఉన్నాయిగా!” అంటారేమో. కాని పళ్ళు ఒకదాన్నొకటి ఆనుకొని నిలుస్తాయి. సందు ఏర్పడితే పక్క పన్ను మెల్లగా అందులోకి ఒరగవచ్చు. ఎదురు దవడలోని పన్ను అడ్డు లేక ఖాళీ వైపు సాగి రావచ్చు.

కొన్ని పళ్ళు పోయి కొన్ని మిగిలినవారికి దంతవైద్యులు పాక్షిక కట్టుడు పళ్ళు అమరుస్తారు. వీటిని తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకోవచ్చు. చిగురు రంగులో కనిపించే పీఠం ఆక్రిలిక్ ప్లాస్టిక్కు. 1930ల చివర అది వచ్చేదాకా గంధకంతో గట్టిపరచిన రబ్బరు వాడేవారు! పీఠం జారకుండా, మిగిలిన పళ్ళకు లోహపు కొక్కేలు తగిలిస్తారు.

చిక్కంతా ఈ కొక్కేల దగ్గరే ఉంది. ఖాళీ ఎక్కడుందో చూసి కట్టుడు పళ్ళను నాలుగు తరగతులుగా విడదీశాడు అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ కెన్నెడీ, 1925లో. సందుకు ఇరుపక్కలా పళ్ళుంటే బరువంతా వాటి మీదే, రెండు స్తంభాల మీది వంతెనలాగ. వెనుక దవడపళ్ళన్నీ పోతేనో? ఒక కొస పంటి మీద, రెండో కొస మెత్తని చిగురు మీద.

ఒక స్కేలు తీసుకోండి. ఒక కొసను వేళ్ళతో గట్టిగా పట్టుకొని, రెండో కొస కింద దూది దిండు పెట్టి నొక్కండి. స్కేలు దిండులోకి దిగుతుంటే మీ వేళ్ళు మెలిపడతాయి. ఆ వేళ్ళే కొక్కెం తగిలించిన పన్ను! నమిలినప్పుడల్లా దానికి ఈ లాగుడు తప్పదు. పైగా పళ్ళు లేనిచోట దవడ ఎముక ఏళ్ళ తరబడి అరుగుతుంది; పీఠం వదులవుతుంది, ఊగిసలాట పెరుగుతుంది. కొక్కేల చుట్టూ పాచి పేరుకొని ఆ పళ్ళు పుచ్చవచ్చు కూడా.

అయితే కట్టుడు పళ్ళు పక్క పళ్ళను పాడుచేసి తీరుతాయా? స్వీడన్‌లో బెర్గ్‌మన్, ఆయన సహచరులు పదేళ్ళు పరిశీలించి 1982లో ఫలితాలు ప్రకటించారు. నోరు శుభ్రంగా ఉంచుకొని, క్రమం తప్పకుండా పరీక్షకు వచ్చినవారిలో ఆ పళ్ళ చిగుళ్ళు పెద్దగా చెడలేదు.

మరో విశేషం. 1981లో నెదర్లాండ్స్‌కు చెందిన కైజర్ అసలు మొదటి ప్రశ్నే వేశాడు: వెనుక పళ్ళు పోతే కట్టించుకోవలసిందేనా? ముందువైపు 20 పళ్ళు చక్కగా ఉంటే చాలామందికి నమలడానికి సరిపోతుందని తేల్చాడు. అలాంటివారికి కొక్కేలూ వద్దు, పీఠమూ వద్దు.

మీ ఇంట్లో కట్టుడు పళ్ళు పెట్టుకునేవారుంటే, రాత్రి తీసి చన్నీళ్ళలో ఉంచమనండి. వేడినీళ్ళకు ఆక్రిలిక్ వంకర పోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్ళు నిండిన పళ్ళెం పెట్టుకొంటే, చేయి జారినా విరగవు.